ఛాతీ కొలత

ఆ మాట విన్నప్పటి నుంచి గంగమణి మరిదికి అన్నం పెట్టలేదు.

నిన్న పొద్దున అన్నాడు ఆ మాట.  ఇవాళ అత్త నాగవ్వ తానే పొయ్యి ముందు కూర్చుని, రొట్టె కొట్టి, చిన్నకొడుకు ముందు పెట్టింది. ముత్యం రొట్టె వైపు చూడలేదు. వాకిట్లో గోడ పక్కన, ఎవరో పాతిన గుంజలాగా నిటారుగా కూర్చున్నాడు. ఏడు నెలల కింద పల్టన్‌లో చేరినవాడు, మొదటి సెలవు మీద ఇంటికి వచ్చి ఇది నాలుగో రోజు.

మొదటి రెండు రోజులూ ఊరంతా వచ్చి చూసి పోయింది. ఖాకీ బట్టలు చూశారు, దగ్గరికి కత్తిరించిన జుట్టు చూశారు, ముఖం కనిపించేటట్టు మెరిసే బూట్లు చూశారు. నాగవ్వ కొడుక్కు దిష్టి తీసింది. మూడో రోజు పొద్దున ముత్యం గంగమణి తమ్ముడు రాజమల్లును వడ్లకళ్లంలోకి తీసుకుపోయి కవాతు నేర్పడం మొదలుపెట్టాడు.

గంగమణి పాలచెంబుతో అటు వస్తూ చూసింది. రాజమల్లు మోకాళ్ల వెనక నుంచి చేతులు దూర్చి, చెవులు పట్టుకుని, వంగి గెంతుతున్నాడు. అట్లా కళ్లం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగాడో, ముఖం ఎర్రగా ఉబ్బిపోయింది. గెంతుతూనే పక్కకు ఒరిగి, పొద్దున తాగిన గట్క అంతా కక్కుకున్నాడు. ముత్యం చేతిలో చింతబరికె ఉంది. ఆ కక్కులోనే చేతులు ఆనించి లేవమన్నాడు. లేవడం ఆలస్యమైతే ఒక బూతు తిట్టాడు.

ఆ బూతు రాజమల్లు అక్క మీద. రాజమల్లుకు ఉన్నది ఒక్కతే అక్క.

ముత్యం తల తిప్పి వదినెను చూశాడు. చూసి కూడా అతని ముఖంలో ఏమీ కదలలేదు. తాను తిట్టింది ఎవరినో అతనికి తట్టనే లేదని ఆమెకు అర్థమైంది. బూతు కంటే అది ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. ఆమె కాపురానికి వచ్చేటప్పటికి ముత్యానికి పన్నెండేళ్లు. చలిజ్వరం వస్తే వదినె ఒళ్లోనే తల పెట్టుకుని పడుకున్నవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే దూరంగా పోయి నిలబడేవాడు. ఆ నోట్లోంచి ఈ మాట ఇంత తేలికగా, ఉమ్మి ఊసినట్టు వచ్చింది.

నాగవ్వ పొద్దుటి నుంచి నచ్చజెబుతూనే ఉంది. పిల్లగాడు పరాయి మనుషుల్లో పడ్డాడని, అక్కడ అందరూ అట్లాగే మాట్లాడతారట అని, నోటికి అలవాటైన మాటే తప్ప మనసులో ఏమీ లేదని. గంగమణి గిన్నెలు తోముతూ పోయింది. చివరికి నాగవ్వ కోడలి పక్కన చతికిలబడింది.

"కడుపుల పెట్టుకోవే. వాడు నీ సేతి కింద పెరిగిన పిల్లగాడే గద."

"గందుకే అత్త. వేరేటోడు అంటే నేను ఇననట్టే ఉందును."

ఆ మాటలు వాకిట్లోకి వినిపించాయి. ముత్యం లేచి, బూట్లు తొడుక్కుని, కాల్వ దిక్కు వెళ్లిపోయాడు. రొట్టె అక్కడే ఉండిపోయింది. నాగవ్వ దాన్ని తీసుకుపోయి బర్రెకు వేసింది.

మధ్యాహ్నం లింబయ్య చెరుకుతోట నుంచి వచ్చాడు. గంగమణి పెనిమిటి, ముత్యానికి అన్న. మాటలు తక్కువ మనిషి. ఒళ్లంతా చెరుకు ఆకు కోసిన గీతలు. బోధన్ కార్ఖానాకు చెరుకు తోలే రోజులు కాబట్టి ఆ నెలంతా అతని ధ్యాస బండి మీద, ఎడ్ల మీదనే ఉంది. గంగమణి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తన మీద పడ్డ మాట సంగతి ఎత్తలేదు. రాజమల్లును ఇట్లా గెంతించడం మాత్రం ఆపించమని అడిగింది. తల్లీ తండ్రీ లేని పిల్లగాడనీ, అయిదేళ్ల కింద పుట్టిల్లు మోస్రా నుంచి తన వెంట వచ్చినప్పుడు వాడిని కన్నకొడుకు లెక్క చూసుకుంటానని లింబయ్యే అన్నాడనీ గుర్తు చేసింది.

లింబయ్య పచ్చిపులుసు పోసుకుని కలుపుకున్నాడు.

"నేర్సుకోనియ్యి. రేపు బోధన్‌ల అక్కరకొస్తది," అన్నాడు.

"బోధన్‌ల ఏమున్నది?"

లింబయ్య ముద్ద ఎత్తబోయి ఆగాడు. నాగవ్వ లేచి, పని ఏదో ఉన్నట్టు, పెరట్లోకి పోయింది. ఆ పోవడంలోనే గంగమణికి సగం సంగతి తెలిసిపోయింది. మిగతా సగం ఆమె అడిగి అడిగి పెనిమిటి నోటి నుంచి లాగింది. రేపు బోధన్‌లో పల్టన్‌కు భర్తీ. తెల్లోళ్ల సీమలో లడాయి మొదలై మూడు నెలలైంది, వాళ్లకు మనుషులు కావాలి. రాజమల్లు పేరు ముత్యం ఇచ్చాడు. లింబయ్య సరేనన్నాడు. నాగవ్వకు తెలుసు. ఇంట్లో తెలియనిది ఆమెకొక్కదానికే.

ఎందుకు సరేనన్నావని ఆమె నెమ్మదిగానే అడిగింది. లింబయ్య కూడా నెమ్మదిగానే చెప్పాడు. ముందటేడు నాట్ల మధ్యలో భూమి లెక్కలు చూసే గిర్దావర్ మకాం కోసం బండినీ ఎడ్లనూ ఆరు రోజులు వెట్టికి పట్టుకుపోయారు. నారు ముదిరిపోయింది. ఒక ఎద్దు కుంటిదై వచ్చింది. ముత్యం పల్టన్‌లో చేరిన దగ్గర నుంచి మాత్రం చప్రాసీలు ఈ వాకిలి దాటి పోతున్నారే కాని లోపలికి తొంగి చూడడం లేదు. సిపాయి ఇల్లంటే అంత భయం.

"ఒకడున్నడు గద మరి. ఇంకొకడెందుకు?"

"లడాయి నడుస్తున్నది. ఒకనికి ఏమన్న అయితే ఇంకొకడుంటడు."

అని లింబయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. మజ్జిగ కావాలన్నాడు.

గంగమణి మజ్జిగ పోసింది. పోస్తుంటే అతని గొంతులో ఉండ కిందికి దిగడం చూసింది. ఎనిమిదేళ్లుగా చూస్తున్న మెడే అది. ఇవాళ చూడలేక తల తిప్పుకుంది. ఒకటి చచ్చిపోతే ఇంకొకటి ఉంటుందని ఎడ్లను గురించి అనుకుంటారు. ఆమె తమ్ముడిని, తన సొంత తమ్ముడిని కూడా, ఈ మనిషి అట్లాగే కట్టేసి పెట్టుకున్నాడు.

ఆమె మాసిన బట్టలు మూట కట్టుకుని కాల్వకు పోయింది.

ముత్యం తూము దగ్గర రాతి మీద కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, కాళ్లు నీళ్లలో వేలాడేశాడు. వదినెను చూడగానే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు ఆమె చూసింది. రెండు బొటనవేళ్లకూ గోళ్లు లేవు. మడమల మీద తోలు ఊడిపోయి, లోపలి కండ చీము పట్టి ఉంది. ఎండలో ఆ వాసన ఆమె దాకా వచ్చింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అడగడానికి వచ్చిన మాట వేరే. అడిగింది వేరే అయింది.

"గీ కాళ్లతోనా నాలుగు రోజుల సంది తిరుగుతున్నవు?"

"బూట్లల్ల కనపడయి వదినె," అన్నాడు ముత్యం.

ఆ తర్వాత అతను చాలాసేపు మాట్లాడాడు. నీళ్ల వైపే చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. పల్టన్‌కు పోయిన మొదటి రోజే బట్టలు విప్పించి వరుసగా నిలబెట్టారు. అంగట్లో ఎడ్ల పండ్లు చూసినట్టు పండ్లు చూశారు. నెత్తి గొరిగారు. బూట్లు గుట్టగా పోసి తలా ఒక జత విసిరారు. ఇరుకయ్యాయని చెప్పినవాడిని కవాతు నేర్పే ఉస్తాద్ ఆ బూటుతోనే చెంప మీద కొట్టాడు. ఇక ఎవరూ చెప్పలేదు. చీకటితో సీటీ ఊదుతారు. బందూకు నెత్తి మీద ఎత్తిపట్టి మైదానం చుట్టూ ఉరికిస్తారు. పడిపోయినవాడి మీద నుంచి మిగతావాళ్లు దూకి పోవాలి. ఆగితే ఇద్దరికీ దెబ్బలు. కొత్తవాళ్లంతా వంతులవారీగా మరుగుదొడ్డి డబ్బాలు మోయాలి. మోసి వచ్చి, చేతులు కడుక్కునే లోపలే సీటీ ఊదితే, అట్లాగే అన్నానికి కూర్చోవాలి.

"అన్నమన్న మంచిగ పెడ్తరా?"

"పెడ్తరు. అబద్ధమెందుకు. గోధుమరొట్టె, పప్పు, వారంల రెండుసార్లు మాంసం. కంబళిచ్చిండ్రు. బందూకు కాల్సుడు నేర్పిండ్రు. గురి తగిల్నప్పుడు ఎంత సంబరమైతదో నీకు సెప్పలేను."

అక్కడ అతని ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. అంతలోనే పోయింది.

బాలనర్సయ్య అని మోర్తాడ్ పిల్లగాడు ఒకడు ఉండేవాడట. పసుపు చేలల్లో పెరిగినవాడు, మెత్తనివాడు. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చేవాడు. ఏడ్చినవాడిని ఉస్తాద్ రోజూ సాయంత్రం బ్యారక్ మధ్యలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టి కుక్కలా మొరగమనేవాడు. నాలుగో నెలలో ఉస్తాద్‌కు విసుగొచ్చి, కట్టె ముత్యం చేతికిచ్చాడు. మొరగకపోతే నువ్వు కొట్టు అన్నాడు.

గంగమణి చేతిలోని మూట కింద పెట్టింది. "కొట్టినవా?"

"కొట్టిన."

కాల్వ అవతల ఎవరిదో చెరుకుబండి పోయింది. 

"మొదటి దినం సెయ్యి వణికింది వదినె. మూడో దినం వణకలే. వాడు ఏడుస్తుంటే నాకు మంచిగనిపించింది. నేను కాదు గద, వాడు గద అనిపించింది. తర్వాత వానికి మాట పడిపోయింది. ఇంటికి తోలిచ్చిండ్రు."

గంగమణి నాలుగడుగులు అవతలికి పోయి, తూము గోడ పట్టుకుని నిలబడింది.  వెనక్కి తిరిగి చూస్తే ముత్యం ఆ పుండుకాళ్లను నీళ్లలో పెట్టుకుని, ఆమె ఏమంటుందో అని చూస్తున్నాడు. పన్నెండేళ్లప్పటి చూపే. దాన్ని చూసి జాలిపడడం కూడా ఆమెకు రోతగా తోచింది.

తమ్ముడి పేరు ఎందుకిచ్చావని అప్పుడడిగింది. ముత్యం దాచలేదు. ముగ్గురిని తెస్తే హోదా పెరిగి చేతికి పట్టీ వస్తుంది. పట్టీ వస్తే డబ్బాలు మోసేది ఉండదు, కొట్టేవాడే తప్ప కొట్టించుకునేవాడు కాడు. హవల్దార్ రామ్‌దాస్ సెలవు చీటీ ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పి పంపాడు. ఎడపల్లి దిక్కు ఇద్దరు దొరికారు. మూడోవాడు రాజమల్లు.

"వాడే వస్తనన్నడు వదినె. నేను గుంజలేదు."

"నాకు సెప్పినవన్ని వానికి సెప్పినవా?"

ముత్యం బూట్లు అందుకుని తొడుక్కోబోయాడు.

"సెప్పు. ఇయ్యాల్నే సెప్పు. నా ముంగట సెప్పు."

సాయంత్రం ఎడ్లకు చొప్ప వేస్తున్న రాజమల్లు దగ్గరికి ఇద్దరూ పోయారు. ముత్యం చెప్పాడు. కాల్వ దగ్గర చెప్పినంత చెప్పలేకపోయాడు కాని, బాలనర్సయ్య సంగతి దాకా వచ్చాడు. కాళ్లు చూపించాడు. రాజమల్లు చొప్ప వేయడం ఆపకుండానే విన్నాడు. పద్దెనిమిదేళ్ల వయసు, అక్కకున్న ముక్కే, అక్కకున్న గుండ్రటి గడ్డమే. విని, నవ్వాడు.

ఇదంతా అక్క చెప్పించిందని అన్నాడు. ఇంట్లో ఎడ్లకు మేత వేసే మనిషి పోతాడని చెప్పించిందన్నాడు. ముత్యం బావ మాత్రం ఏడు నెలలు తిని, భుజాలు పెంచుకుని, బూట్లేసుకుని వచ్చాడు కదా, చావలేదు కదా అన్నాడు. గంగమణి నోరు తెరవబోతే ఆగమని చేయి ఎత్తాడు. నిరుడు వానాకాలంలో గిర్దావర్ మనిషి తన నెత్తిన పరుపుచుట్ట పెట్టి, గుర్రం ముందర వర్ని దాకా బురదలో ఉరికించిన రోజు గుర్తు చేశాడు. అక్కడికి పోయాక తన రుమాలు లాక్కుని దానితో గుర్రం కాళ్లు తుడిచారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంటికి వచ్చి చెబితే లింబయ్య బావ, పోనీలే, బండి అడగలేదు కదా అన్నాడు.

"గీడ తన్ని ఉత్తగ తోలుతరు అక్క. గాడ తన్ని అన్నం పెడ్తరు."

 రాజమల్లు చేతులు దులుపుకున్నాడు.

"ఏడాది అయినంక కట్టె నా సేతికొస్తది. గప్పుడు సూస్త."

ఎవరిని చూస్తాడో చెప్పలేదు. ఆ కళ్లలోని ఆశ చూసి ముత్యమే ఒక అడుగు వెనక్కి వేశాడు.

మర్నాడు పొద్దున్నే ముత్యం ఖాకీ తొడుక్కుని ముందే నడిచి వెళ్లిపోయాడు. భర్తీ దగ్గర అతనికి పని ఉంది. లింబయ్య చెరుకు బండి కట్టాడు. రాజమల్లు తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ వేసుకుని చెరుకు మోపుల మీద కూర్చున్నాడు. గంగమణి ఎవరినీ అడగకుండా బండెక్కింది. లింబయ్య ఆమెను చూసి, ఎడ్లను అదిలించాడు. దారి పొడుగునా ముందూ వెనకా చెరుకుబండ్లే. బోధన్ దగ్గర పడేసరికి గాలంతా ఉడికే పాకం వాసన. వచ్చినప్పుడల్లా తియ్యగా ఉందనుకునే ఆ వాసనకు ఆ పొద్దు ఆమె ముఖం తిప్పుకుంది.

భర్తీ ఊరి బయట మామిడితోటలో. లింబయ్య తోట ముందర వాళ్లిద్దరినీ దించాడు. కార్ఖానా ముందర బండి వరుస తప్పుతుందని, తాను లోపలికి రాలేదు. బామ్మర్ది భుజం మీద ఒకసారి చేయి వేసి, తీసి, వెళ్లిపోయాడు.

తోటలో మూడు డేరాలు. కట్టిన తాడుకు అవతల అరవై డెబ్బై మంది మగవాళ్లు గోచులతో చలికి ముడుచుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరి ఛాతీ మీద సున్నపుముక్కతో అంకె రాశారు. కుర్చీలో డాక్టరు ఒకే పుల్లతో అందరి నోళ్లూ తెరిచి చూస్తున్నాడు. ప్రతిసారీ దాన్ని అదే గుడ్డకు తుడుస్తున్నాడు. వంగమంటున్నాడు, దగ్గమంటున్నాడు, గోచీ దించమంటున్నాడు. తాడు ఇవతల ఆడవాళ్లు నిలబడి ఉన్నారని ఎవరికీ పట్టలేదు. ఒక ముసలామె సిగ్గుతో కళ్లు మూసుకుంది. చర్మం మీద తెల్లమచ్చ ఉన్నవాడిని ఒక సిపాయి కాలితో పక్కకు నెట్టాడు. వాడు తన బట్టలు వెతుక్కుంటూ ఏడ్చాడు. కాలితో నెట్టినందుకు కాదు, పల్టన్‌లోకి తీసుకోనందుకు.

బల్ల వెనక హవల్దార్ రామ్‌దాస్. లావుపాటి మీసం, మెత్తని గొంతు. వేలిముద్ర పడేదాకా ప్రతివాడినీ బేటా అని పిలుస్తున్నాడు, ఇంటిదగ్గర అవ్వా బాపూ బాగున్నారా అని అడుగుతున్నాడు. వేలిముద్ర పడగానే వాడి ముఖం కూడా చూడకుండా వెనక్కి చేయి ఊపుతున్నాడు. అక్కడ నిలబడ్డ సిపాయి మెడ మీద చేయి వేసి తోసుకుపోతున్నాడు. గంగమణి ఇట్లా పదిమందిని చూసింది. పదిమందికీ అదే నవ్వు, అదే ఊపు.

బల్ల పక్కన టేపు పట్టుకుని ఛాతీలు కొలుస్తున్నది ముత్యం. ముప్పై మూడు ఇంచీలు ఉండాలి. అంతకు తగ్గితే పేరు కొట్టేస్తారు.

రాజమల్లు అంకె నలభై ఒకటి. డాక్టరు పండ్లు చూశాడు, కాళ్లు చూశాడు, పంపాడు. రాజమల్లు ముత్యం ముందుకు వచ్చి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ముత్యం టేపు చుట్టాడు. చుట్టి, తల ఎత్తాడు. తాడు ఇవతల ఉన్న వదినె కనిపించింది. టేపు మీద బొటనవేలు ఎక్కడ ఉందో అంత దూరానికి ఆమెకు కనిపించలేదు. అతని గొంతు మాత్రం వినిపించింది.

"ముప్పై ఒకటిన్నర."

రామ్‌దాస్ కలం ఎత్తి పేరు మీద గీత గీయబోయాడు.

గంగమణి తాడు దగ్గరికి జరిగింది.  ఈ పిల్లగాడిని తీసుకుని ఇప్పుడే, ఈ నడకనే, మోస్రాకు పోదామనుకుంది.

"తప్పు," అన్నాడు రాజమల్లు. "కొలత తప్పు. మల్ల కొల్వుండ్రి."

రామ్‌దాస్ కలం ఆగింది. ముత్యం పెదవులు కదలకుండా, వినపడీ వినపడనట్టు, పొమ్మన్నాడు. రాజమల్లు పోలేదు. నిన్న ఊళ్లో దర్జీ కొలిచాడని, ముప్పై నాలుగు ఉందని, అందరికీ వినబడేటట్టు చెప్పాడు. రామ్‌దాస్ లేచి వచ్చి, ముత్యం చేతిలోని టేపు తీసుకుని తానే కొలిచాడు. కొలిచి, అంకె చెప్పలేదు. టేపును మెల్లగా చుట్టచుట్టి జేబులో వేసుకున్నాడు.

గొంతు పెంచకుండానే అడిగాడు ముత్యాన్ని. ఇట్లా ఇంకెంతమందిని తప్పించావు, ఎవరి దగ్గర ఏం తిన్నావు అని. ముత్యం కట్టెలా నిలబడ్డాడు.  రామ్‌దాస్ రాజమల్లు వైపు తిరిగాడు. సంగతి విడమరిచి చెప్పాడు. వీడు నీ చుట్టమైతే నీ మీది మమకారంతో చేశాడు, ఇంటివాళ్లు వదలనివాడు పల్టన్‌కు పనికిరాడు, నీ పేరు కొట్టేస్తాను, వీడికి నాలుగు రోజులు శిక్ష వేసి వదిలేస్తాను. చుట్టం కాకపోతే వీడు లంచగొండి, వీడి సంగతి వేరే, నీ పేరుకు ఢోకా లేదు.

"బేటా, వీడు నీకేమైతడు?"

రాజమల్లు ముత్యం బూట్ల వైపు చూశాడు.

"ఎవలో. నాకెరుక లేదు."

ఆ మాట వెంటనే వచ్చింది. ఇద్దరు సిపాయిలు ముత్యం నడుము పట్టీ విప్పారు. నెత్తి మీది టోపీ తీశారు. టోపీ లేని తలతో అతను హఠాత్తుగా చిన్నవాడైపోయినట్టు కనిపించాడు. అతను రాజమల్లును చూడలేదు. వదినెను చూసి, వద్దన్నట్టు కొద్దిగా తల ఊపాడు.

గంగమణి తాడు కింద నుంచి వంగి లోపలికి పోయింది. గోచుల మగవాళ్లు పక్కకు జరిగారు. ఎవరు నువ్వని రామ్‌దాస్ అడిగాడు.

"ఇద్దరు నా ఇంటోళ్లే అయ్య. గీయిన నా మరిది. గీడు నా తోడబుట్టినోడు."

రామ్‌దాస్ ఆమె ముఖం చూశాడు. రాజమల్లు ముఖం చూశాడు. అదే ముక్కు, అదే గడ్డం. చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు.

"ఏం బేటా?" అన్నాడు రామ్‌దాస్.

రాజమల్లు ఛాతీ మీద నలభై ఒకటి అంకె లేచి పడుతోంది. అక్క కళ్లలోకి సూటిగా చూశాడు. అక్కడ కోపం లేదు, భయం కూడా లేదు. దారికి అడ్డం వచ్చిన దాన్ని చూసే చూపు.

"గీమె గూడ నాకెరుక లేదు."

రామ్‌దాస్ మీసం కింద పెదవి వంకర పోయింది. నిజం అతనికి తెలుసు. నిజం అతనికి అక్కర లేదు. తనకు కావలసింది మనుషులు, ముప్పై మూడు ఇంచీలు దాటినవాళ్లు. సిరా పూసిన గుడ్డను రాజమల్లు ముందుకు జరిపాడు. రాజమల్లు ఎవరూ పట్టుకోకుండానే బొటనవేలు దాని మీద ఒత్తి, కాగితం మీద ఒత్తాడు.

ఆ వేలు చిన్నప్పుడు కత్తిపీటకు తెగితే పసుపు పెట్టి కట్టింది గంగమణి. ఇప్పుడు అది నల్లగా, పురుగులాగా, కాగితం మీద నుంచి లేచింది. ఆమెకు ఏడుపు రాలేదు. నోట్లో చేదు నీళ్లూరితే, అందరి ముందూ, ఆ బల్ల కాళ్ల దగ్గరే ఉమ్మేసింది.

ముత్యాన్ని డేరాల వెనక్కి తీసుకుపోయారు. రాజమల్లు మెడ మీద సిపాయి చేయి పడింది, అతన్ని రెండో దిక్కుకు తోశారు. అతను వెనక్కి చూడలేదు.

గంగమణి రెండు దిక్కులూ చూసింది. తర్వాత డేరాల వైపు నడిచింది. కాపలా సిపాయి చేతికర్ర అడ్డం పెట్టాడు. ఆడవాళ్లకు ఇక్కడేం పని, ఎవరి మనిషివి అని అడిగాడు.

"లోపలికి తీస్కపోయిండ్రు గద, గాయినకు వదినెను నేను."

సిపాయి కర్ర తీయలేదు. డేరా వెనక మొదటి దెబ్బ చప్పుడైంది. అరుపు వినిపించలేదు. ఆమె రెండు చేతులతో ఆ కర్ర పట్టుకుంది.